రెండు పుట్టిళ్ళ ఇంజను

మార్చి 4

ఈ డైరీ ఇంజనుతో పాటు వచ్చింది. ఇంజను చేసిన కంపెనీ వాళ్ళు యార్డులో అందరికీ తలా ఒకటి పంచారు. అట్ట మీద ఇంజను బొమ్మ, ప్రతి పేజీ అడుగున వాళ్ళ ఫోన్ నంబరు. యార్డ్ మాస్టరు తనది కూతురికి ఇచ్చేశాడు. మా బామ్మర్ది తనది టీ గ్లాసు కింద పెట్టుకుంటున్నాడు. నేనొక్కడినే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఏం రాస్తారని మా ఆవిడ అడిగితే ఇంజను గురించి అన్నాను. పొద్దున్నుంచీ నోటితో చెప్పింది సరిపోలేదా అని నవ్వుకుంటూ పోయింది.

సరిపోలేదు. ఇంత వయసొచ్చాక నా చేతికి కొత్త ఇంజను వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నా సర్వీసంతా దున్నతోనే గడిచింది. దున్న అంటే మా పాత డీజిలు ఇంజను. నల్లగా ఉంటుంది, పొగ కక్కుతుంది, కదలమంటే కదలదు, కదిలాక ఆగమంటే ఆగదు. గూడ్సు బండి రాగానే దాన్ని విడదీసి ఏ గోడౌను వ్యాగన్లు ఆ గోడౌనుకి చేర్చడం, ఖాళీవి లాక్కొచ్చి మళ్ళీ బండి కట్టడం, ఇదీ దాని పని, నా పనీ.

కొత్తదానికి రెండు ప్రాణాలు. కరెంటు తీగ ఉన్న లైన్ల మీద నెత్తి మీది చెయ్యి పైకెత్తి, తీగని తాకుతూ కరెంటుతో నడుస్తుంది. గోడౌన్ల వైపు తీగ ఉండదు. అక్కడ క్రేన్లు పైనుంచి సరుకు ఎత్తుతాయి కదా, తీగ ఉంటే అడ్డం. అక్కడికి రాగానే చెయ్యి ముడుచుకుని కడుపులో ఉన్న డీజిలు ఇంజనుతో నడుస్తుంది. బామ్మర్ది చూడగానే దీనికి రెండు పుట్టిళ్ళదని పేరు పెట్టేశాడు. ఒక పుట్టింట్లో అన్నం పెట్టకపోతే రెండో పుట్టింటికి పోయి తింటుందట. పేర్లు పెట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు.

మార్చి 6

నేర్పడానికి కంపెనీ నుంచి ఒక ఫిట్టరమ్మ వచ్చింది. వయసు చిన్నదే కానీ పని బాగా తెలిసిన పిల్ల. ఒకటే లోపం, మాట పైకి రాదు. ఒక్కొక్కటీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవలసి వచ్చింది. ఈ కాలం పిల్లలందరూ ఇంతే, నోట్లో నోట్లోనే మాట్లాడుకుంటారు.

తీగ అయిపోయే చోట పక్కన ఒక బోర్డు పెట్టారు. అక్కడికి కొంచెం ముందుగానే క్యాబులో బజరు మోగుతుంది, చెయ్యి దించమని. చిన్న లైటు కూడా వెలుగుతుందిట. పొద్దుటి ఎండ సరిగ్గా దాని మీదే పడుతుంది, వెలిగిందో ఆరిందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని మీరు బజరు మీదే ధ్యాస పెట్టండి అంది. అలాగేనమ్మా అన్నాను.

మార్చి 9

ఇవాళ మొదటిసారి పక్కన ఎవరూ లేకుండా నడిపాను. మనసంతా పెళ్ళి ఇల్లులా ఉంది.

దున్నలో కూర్చుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడేది కాదు. అందుకే మా యార్డులో మాటలన్నీ చేతులతోనే. రమ్మని, పొమ్మని, ఆగమని, రూలు పుస్తకంలో ఉన్నవి కొన్ని. లేనివి మేమే కనిపెట్టుకున్నాం. కడుపు మీద తడితే భోజనం, ముక్కు పట్టుకుంటే యార్డ్ మాస్టరు వస్తున్నాడని. బామ్మర్ది పాయింట్స్‌మన్, కింద నడుస్తూ పట్టాలు మారుస్తాడు, వ్యాగన్లు తగిలిస్తాడు, విప్పుతాడు. నేను పైన క్యాబులో ఉంటాను. ఇన్నేళ్ళలో మేం చేతులతో చెప్పుకోని సంగతి లేదు. వాళ్ళక్కకి జ్వరం తగ్గిందని కూడా ఒకసారి నేను కిటికీలోంచి చేతులతోనే చెప్పాను.

వాడికి ఎప్పటినుంచో మెడనొప్పి. ఉండదా మరి. వంగి కప్లింగు తగిలిస్తున్నప్పుడు కూడా మెడ వెనక్కి తిప్పి నా కిటికీ వైపే చూస్తూ ఉంటాడు. పని చూసుకోరా, నా మొహంలో ఏముంది చూడ్డానికి అని ఎన్నోసార్లు తిట్టాను. నా మాట చెవిని వేసుకోడు. మా ఆవిడ వాడి కోసం బామ్ డబ్బాలు కొని పెడుతూనే ఉంటుంది.

కొత్త ఇంజను కరెంటు మీద పోతుంటే చప్పుడే లేదు. ఎంత నిశ్శబ్దమంటే అసలేమీ వినపడదు. బామ్మర్ది కూడా అదే అన్నాడు. దున్న వస్తుంటే కాళ్ళ కింద నేల చెప్పేదట, ఇది పిల్లిలా వచ్చి పక్కన నిలబడుతోందట.

మార్చి 11

బజరు మోగలేదు. బోర్డు చూసుకుని నేనే చెయ్యి దించాను.

మార్చి 13

పరువు పోయింది. పొద్దున్నే సిమెంటు వ్యాగన్లు నెట్టుకుపోతున్నాను. ఎండ కళ్ళలోకి కొడుతోంది, బోర్డు కనపడలేదు. బజరు మోగలేదు. తీగ అయిపోయింది, నెత్తి మీది చెయ్యి గాల్లోకి లేచి దానంతటదే ముడుచుకుపోయింది, ఇంజను రెండు పుట్టిళ్ళకీ మధ్య నడిబజార్లో నిలబడిపోయింది. గోడౌను కూలీలందరూ పని ఆపి వినోదం చూశారు.

ఫిట్టరమ్మ వచ్చి బజరు పరీక్ష చేసింది. బాగానే మోగుతోందండీ అంది. మీటలు నొక్కి, ఇదిగో, ఇదిగో అని నా మొహంలోకి చూసింది. ఆవిడ ముందు మోగినట్టుంది మరి, నేను తల ఊపాను. పెద్దవాళ్ళ ముందు బుద్ధిగా కూర్చునే పిల్లలు ఉంటారు చూడండి, ఆ రకం బజరు ఇది.

మార్చి 15

నిన్న అందరికీ రేడియోలు ఇచ్చారు. క్యాబులో ఇంత నిశ్శబ్దంగా ఉంది కదా, ఇక చేతులూపడం దేనికి, మాట్లాడుకోండి అన్నాడు యార్డ్ మాస్టరు. బామ్మర్ది తీసుకుని జేబులో వేసుకున్నాడు. రోజంతా దాన్ని బయటికి తియ్యలేదు. అడిగితే ఛార్జింగు లేదన్నాడు. నిన్నా అదే, ఇవాళా అదే. ఒట్టి బద్ధకస్తుడు. నాకు మాత్రం నచ్చింది, చేతులకి అలవాటు పడ్డవాళ్ళం, చేతులే బాగు.

మార్చి 17

పక్కింటాయన తలుపు కొట్టాడు. టీవీ కాస్త తగ్గిస్తారా అని. తలుపు కొడుతున్నాడని మా ఆవిడ వచ్చి బల్ల మీద తట్టి చెప్పింది. ఆవిడకి అదొక అలవాటు, ఏదైనా చెప్పే ముందు వేళ్ళతో బల్ల మీద తడుతుంది. టీవీ ఎప్పుడూ పెట్టేంతే పెట్టానని ఆయనకి చెప్పాను. ఆయనకి మొదటినుంచీ మేమంటే కడుపుమంట, కొత్త ఇంజను వచ్చిన సంగతి కూడా తెలిసిపోయినట్టుంది.

మార్చి 20

కొత్త ఇంజను నడిపేవాళ్ళందరికీ చెవి పరీక్షట. రేడియో మీద పని కదా. పాసైతే ఇంజను, లేకపోతే గేటు దగ్గర కూర్చుని లారీలకి తలుపు తియ్యాలి. 

నాకేం భయం. ఏమీ లేదు. మా ఆవిడ ఈ మధ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి అని. అదిగో, ఆవిడ పోరేదంతా వినపడుతూనే ఉందిగా.

మార్చి 23

పాసయ్యాను.

ఒక చిన్న గది, చెవులకి డిప్పలు పెట్టారు. అద్దం అవతల నర్సు కూర్చుంది. కూత వినపడగానే చెయ్యెత్తాలి. మంచి పిల్ల, పాపం. బటను నొక్కినప్పుడల్లా ఆవిడ కుడి భుజం కొంచెం పైకి లేస్తుంది. ఒక్కటి కూడా తప్పలేదు. మీ వయసులో ఇంత బాగా వినపడడం అరుదండీ అని మెచ్చుకుంది. చేతులు చూసి బండి నడిపిన మనిషిని, భుజం చూడ్డం ఒక లెక్కా.

పరీక్ష పరీక్షే. కాగితం మీద ముద్ర పడింది.

మార్చి 24

పాసయ్యానని బామ్మర్దికి చెప్తే వెంటనే నమ్మలేదు. కాగితం చూపించాను. అంతా చదివాడు, ముద్ర మీద వేలు పెట్టి చూశాడు. తరవాత నవ్వి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. వాడికి ఇంత సంతోషం దేనికో నాకు అర్థం కాలేదు. జేబులోంచి రేడియో తీసి ఊది తుడిచాడు. సాయంత్రం ఇంటికి మిఠాయి తెచ్చాడు. వాళ్ళక్క మాత్రం నన్నొకసారి, కాగితాన్నొకసారి చూసి లోపలికి పోయింది.

మార్చి 31

బామ్మర్దికి మెడనొప్పి తగ్గింది. ఎన్నేళ్ళ నొప్పి, ఇట్టే పోయింది. మా ఆవిడ కొన్న బామ్ పని చేసిందని నేనన్నాను. పని చేయించే ఆఫీసరులా నిటారుగా నడుస్తున్నాడు. వాడి వీపు ఇంత వెడల్పని నాకు ఇప్పుడే తెలిసింది.

ఏప్రిల్ 6

ఇవాళంతా హాయిగా గడిచింది, ఊరికే రాస్తున్నాను.

పొద్దున్న మంచు తేలిపోయాక బండి వచ్చింది. కరెంటు మీద మెల్లగా పోయి తోక పట్టుకున్నాను. దున్నతో తగిలిస్తే వ్యాగన్లన్నీ ఒకదాని వెనక ఒకటి తిట్టుకునేవి. దీంతో గుడ్డ మీద గుడ్డ పెట్టినట్టుంది. బజరు సంగతి కూడా తేల్చేశాను. అది మోగినా మోగకపోయినా నాకు పనిలేదు. బోర్డుకి ముందు పాత గుడిసె ఒకటుంది, లైన్‌మెన్లు పారలు పెట్టుకునేది. దాని తలుపు నా కిటికీకి ఎదురుగా రాగానే చెయ్యి దించుతాను. ఒక్కసారి కూడా తప్పలేదు. డీజిలు స్టార్టయితే క్యాబు నేల చిన్నగా వణుకుతుంది, కాళ్ళకి తెలుస్తుంది. దున్న దీని కడుపులో పడుకుని గుర్రుపెడుతోందనిపిస్తుంది.

రేడియోలో బామ్మర్ది ఏవో అంటూ ఉంటాడు. నేను ఊఁ కొడుతూ ఉంటాను. వాడెక్కడ నిలబడ్డాడో చూసుకుంటే చాలు, ఏమన్నాడో తెలిసిపోతుంది. ఇంతకంటే మనిషికి ఇంకేం కావాలి.

ఏప్రిల్ 9

ఇవాళ రాయను.

ఏప్రిల్ 10

రాయాలి. ఎవరికీ చెప్పలేనిది ఇక్కడైనా చెప్పుకోవాలి.

నిన్న పొద్దున్న వాన. చివరి లైను మీద, వంపులో, కొన్ని వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. నేను ఇంకొన్ని నెట్టుకుపోయి వాటికి తగిలించాలి. వంపు కాబట్టి ఒక వైపు నిలబడితే నాకు కనపడతాడు, రెండో వైపు నిలబడితే కనపడడు. ఇన్నేళ్ళూ వానైనా బురదైనా వాడు కనపడే వైపే నిలబడ్డాడు. నిన్న మాత్రం రెండో వైపు షెడ్డు చూరు కింద నిలబడ్డాడు. రేడియో ఉందిగా.

నిలబడి ఉన్న వ్యాగను కప్లింగు మెలిపడి వేలాడుతోందట. అది సరిచెయ్యాలని ఆగు బావా అని రేడియోలో చెప్పి, నేను ఆగి ఉంటానన్న ధీమాతో పట్టాల మధ్యకి పోయి వంగాడు. భుజానికున్న సంచి అడ్డమొస్తోందని, వ్యాగన్లు ఒకదాన్నొకటి ఆనుకునే చోట ఉండే బఫరుకి తగిలించాడు. నేను ఆగలేదు. నాకేమీ వినపడలేదు. ఇంజను కరెంటు మీద ఉంది, పిల్లిలా పోతోంది. నేనొస్తున్నట్టు వాడికీ వినపడలేదు. వాన నీళ్ళలో ఏదో నీడ కదిలినట్టయి పక్కకి దూకాడట.

నాకు తెలిసిందల్లా బఫర్లు మెత్తగా తగలడం. చక్కగా తగిలించాననుకుని సంతోషపడ్డాను కూడా.

వాడు వానలో నడుచుకుంటూ వచ్చి క్యాబు కింద నిలబడ్డాడు. చేతిలో సంచి. అందులోంచి క్యారియరు తీసి చూపించాడు. మా ఆవిడ రోజూ ఇద్దరికీ కట్టి ఇచ్చేదే, స్టీలుది, మూడు గిన్నెలది. పలకలా అయిపోయింది.

"ఆగమన్నాను బావా."

రేడియో పాడైపోయి ఉంటుందన్నాను. వాడు తన రేడియో నోటి దగ్గర పెట్టుకుని బటను నొక్కాడు. నా ముందున్న రేడియోలో ఎర్రలైటు వెలిగింది. కింద వాడి పెదవులు కదులుతున్నాయి. రేడియోలోంచి ఏమీ రాలేదు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, లైటు వెలుగుతూనే ఉంది. నేను ఆ లైటు వైపే చూస్తూ కూర్చున్నాను.

తరవాత పైకెక్కి నా ఎదురుగా, నా మొహం ముందే నిలబడి చెప్పాడు.

"నువ్వు పరీక్ష పాసయ్యావని నమ్మాను బావా. నీకు వినపడదని ఇన్నాళ్ళూ నేనే పిచ్చిగా అనుకున్నానేమో అనుకున్నా. అందుకే మెడ తిప్పి చూడ్డం మానేశా."

ఎప్పటినుంచి తెలుసురా అన్నాను. దున్న ఉన్నప్పట్నుంచీ అన్నాడు. ఎందుకు చెప్పలేదంటే నువ్వు చెప్తే వినే మనిషివా అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ చేతుల సంజ్ఞలు, ఆ ఛార్జింగు లేని రేడియో, ఆ మెడనొప్పి, అన్నీ నా కోసమే. వాడి మెడ మీద నా ఉద్యోగం మోశాడు ఇన్నేళ్ళూ. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

ఏప్రిల్ 11

క్యారియరు ఎక్కడ అని మా ఆవిడ అడిగింది. పోయిందన్నాను. మళ్ళీ అడిగింది. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. గిన్నెల్ని వేళ్ళతో విడదీయబోయింది, రాలేదు. అంతా చెప్పాను. నర్సు భుజం కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బల్ల మీద ఎందుకు తడతానో తెలుసా అంది. వెనకనుంచి పిలిస్తే నేను పలకనట. బల్ల అదిరితే తల తిప్పుతానట. పిల్లలకి కూడా నాన్న దగ్గరికి ఎదురుగా వెళ్ళండి అని చెప్పి పెంచిందట. నేనేమో ఆవిడ అలవాటనుకున్నాను.

"ఇంజను పోతే పోయిందండీ. నాకు మీరూ కావాలి, మా తమ్ముడూ కావాలి."

ఏప్రిల్ 12

యార్డ్ మాస్టరు గదికి పోయి నాకు వినపడట్లేదని చెప్పాను. పరీక్ష ఎలా పాసయ్యానో కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కోప్పడితే బాగుండేది. ముందు పరీక్ష మళ్ళీ చేయించుకుని రండి, తరవాత మాట్లాడదాం అన్నాడు. కొత్త ఇంజను తాళం ఆయన బల్ల మీద పెట్టాను.

అదే గది, అదే డిప్పలు, అదే నర్సు. ఆవిడ భుజం ఎదురుగానే ఉంది. కళ్ళు మూసుకున్నాను. అలా కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. అప్పుడెవరో నా చెయ్యి తట్టారు. అయిపోయిందండీ అంటోంది నర్సు.

ఆవిడింకా మొదలే పెట్టలేదనుకుంటున్నాను నేను.

ఏప్రిల్ 16

గేటు డ్యూటీ. నీడ ఉంది, కుర్చీ ఉంది, లారీ డ్రైవర్లు మంచివాళ్ళు. ఏమాటకామాటే, మరీ అంత చెడ్డ పనేం కాదు. ఇంజను మాత్రం ఇక్కడినుంచి కనపడుతుంది. రెండో షిఫ్టు డ్రైవరు నడుపుతున్నాడు. బ్రేకు మరీ గట్టిగా వేస్తాడు. నాకెందుకు.

బామ్మర్ది మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని తింటాడు. కొత్త క్యారియరు. మెడ పట్టేసింది మళ్ళీ. కొత్త డ్రైవరుకి వినపడుతుందిగా, ఇంకా ఎందుకురా అంటే, ఇక ఎవణ్ణీ నమ్మబుద్ధి కావట్లేదన్నాడు. మామూలుగానే అన్నాడు.

ఏప్రిల్ 19

రెండో షిఫ్టు డ్రైవరు గేటు దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూసి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. చివరికి, నర్సు భుజం సంగతి మీకెలా తెలిసింది అని అడిగాడు. 

నాకొక్కడికే తెలుసనుకున్నాను. పొద్దుగూకేలోపల ఇంకో ఇద్దరు వచ్చారు. అందరం దున్న పిల్లలమే. చెవులు ఒకే చోట తాకట్టు పెట్టినవాళ్ళం. యార్డ్ మాస్టరుకి చెప్పండిరా బాబూ అన్నాను. చెప్తాం చెప్తాం అని టీ తాగి పోయారు. అయినా చెప్పేదాకా ఊరుకుంటానా, రేపు నేనే వెంటబెట్టుకుని పోతాను.

ఏప్రిల్ 20

వెంటబెట్టుకుని పోయాను. యార్డ్ మాస్టరు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు, తల పట్టుకున్నాడు.

ఏప్రిల్ 25

చెవుల డాక్టరు బొమ్మ గీసి చూపించింది. లావు చప్పుళ్ళు నాకు బాగానే వినపడుతున్నాయట. సన్నటివి పోయాయట. బజరు సన్నం, ఫిట్టరమ్మ గొంతు సన్నం, రేడియో సన్నం. టీవీలో నాకు తెలిసినవల్లా ఉరుములూ తగువులూను. దున్న చేసిన పని అని నేనంటే, దున్న కాదండీ, చెవులకి ఏమీ పెట్టుకోకుండా దాని పక్కన కూర్చున్న మనిషి చేసిన పని అంది. మాట పడ్డాను.

మిషను పెట్టుకుంటే చాలావరకు దారికొస్తుందట. మిషను పెట్టుకుని పరీక్ష పాసైతే యార్డులో మళ్ళీ నడపొచ్చో లేదో అది డ్యూటీకి ముద్ర వేసే డాక్టర్లు తేలుస్తారట. తేలుస్తారు, చూద్దాం.

మే 7

చెవి మిషను వచ్చింది. చిక్కుడు గింజంత ఉంది.

మా ఇంట్లో ఇన్ని చప్పుళ్ళున్నాయని ఎవరైనా చెప్పారా నాకు? గోడ గడియారం మాట్లాడుతోంది. నా చెప్పులు కిర్రుమంటాయి. వంటింట్లో మా ఆవిడ తనలో తాను మాట్లాడుకుంటుంది. చాలాసేపు విన్నాను. దాదాపు అంతా నా గురించే. తడిసిన తువ్వాలు మంచం మీద పడేసిన దగ్గర్నుంచి మొదలుపెట్టి వాళ్ళ నాన్న నాకు పిల్లనిచ్చిన దాకా పోయింది. ఎన్నాళ్ళనుంచి సాగుతోందో ఈ భాగవతం. గుమ్మంలో నిలబడి దగ్గాను. వెనక్కి తిరిగి చూసి, చెవికున్న మిషను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. పక్కింటాయనకి వినపడి ఉంటుంది.

మే 8

పిట్టలు! వీటి సంగతే మరిచిపోయాను.

మే 19

ఫిట్టరమ్మ మళ్ళీ వచ్చింది. మేమందరం బజరు వినపడదని ఒప్పుకున్నాక, కంపెనీ వాళ్ళు సన్నటిది తీసేసి లావు గొంతుది పెట్టమన్నారట. లైటుకి పైన చిన్న రేకు గొడుగు కూడా పెట్టింది, ఎండ పడకుండా. ఆవిడ గొంతు వినడానికి బాగుంది, అంత మెల్లగా మాట్లాడే మనిషేం కాదు. మీ బజరు మీద నేను చాలా నిందలు వేశానమ్మా అన్నాను. నాకు తెలుసండీ, మొదటిరోజే అనుమానం వచ్చింది, పెద్దవారు కదా ఎలా అడగను అంది. 

యార్డ్ మాస్టరు కొత్త రూలు పెట్టాడు. కిందనుంచి ఆగు అంటే పైనుంచి డ్రైవరు ఆగాను అని బదులు చెప్పాలి. ఆ మాట వినపడందే ఎవరూ వ్యాగన్ల మధ్యకి పోకూడదు. ఊఁ కొడితే చెల్లదట. ఊఁ అన్నప్పుడు నా వైపే చూశాడు.

జూన్ 3

మిషను పెట్టుకుని పరీక్ష రాశాను. రాయడమేమిటి, విన్నాను. నర్సు అద్దానికి తెర కట్టించుకుంది. మీ అందరి పుణ్యమా అని అంది.

కూత. చెయ్యెత్తాను. మళ్ళీ కూత, దూరంగా ఎవరో చిన్నపిల్ల పిలిచినట్టు. చెయ్యెత్తాను. కొన్ని తప్పాయి. తప్పినవి తప్పాయని వాళ్ళే చెప్పారు. యార్డులో మాత్రమే, మెయిన్ లైను మీదకి పోకూడదు, అప్పుడప్పుడు మళ్ళీ పరీక్షకి రావాలి. ఈ షరతుల మీద ఇంజను ఇచ్చారు. మెయిన్ లైను ఎవడిక్కావాలి.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ బల్ల మీద తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

జూన్ 9

మళ్ళీ నా సీట్లో కూర్చున్నాను. రెండో షిఫ్టువాడు, వాడూ నాలాగే మిషను పెట్టుకుని పాసై వచ్చాడు, సీటు పైకి లేపుకున్నాడు, దించుకున్నాను.

చెయ్యి ఎత్తాను, తీగ తగిలింది. ఇన్నాళ్ళూ చప్పుడు లేదనుకున్నాను కానీ కరెంటు మీద పోతున్నప్పుడు దీనికీ ఒక గొంతుంది. సన్నగా పాడుకుంటూ పోతుంది. గుడిసె తలుపు రాకముందే బజరు మోగింది. కర్ణకఠోరంగా ఉంది. దాని మొహం చూసి నవ్వాను, చెయ్యి దించాను. డీజిలు లేచాక గోడౌన్ల దగ్గర మిషను వల్ల లాభం లేదు, చెవిలో పిడుగులే. అక్కడ మాటలు లేవు, ఆగాను అన్న బదులుతో సహా బామ్మర్దీ నేనూ పాత పద్ధతిలో చేతులతోనే. తీగ కింద చెవి, తీగ లేని చోట కన్ను. నాక్కూడా రెండు పుట్టిళ్ళే.

మధ్యాహ్నం అదే వంపు, చివరి లైను. ఈసారి వాన లేదు. వ్యాగన్లు నెట్టుకుంటూ పోతున్నాను. బామ్మర్ది కనపడే వైపే నిలబడ్డాడు. మెడ నా వైపే ఉంది. రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. రెండో చెయ్యి కూడా పైకి లేచింది, సంజ్ఞ కోసం. కొంచెం ఆగి, ఆ చెయ్యి దించేశాడు.

"ఆగు బావా."

గట్టిగా అనలేదు. అన్నం తినేటప్పుడు ఉప్పు అందుకో అన్నట్టు అన్నాడు. ఇంత మెత్తటి గొంతా వీడిది. బ్రేకు వేశాను. బండి ఆగింది. బటను నొక్కాను.

"ఆగాను రా."

వాడు వెంటనే కదల్లేదు. నా కిటికీ వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. నేను చేతులూపలేదు, తల కూడా ఊపలేదు. తరవాత వాడు పట్టాల మధ్యకి పోయి కప్లింగు ముందు వంగాడు. నాకు వాడి వీపు మాత్రమే కనపడుతోంది. పని అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.